పాత తెరచాప పడవ కొన్నాం. అడిగినవాళ్ళందరికీ ఒకేచోట జవాబు

గాలివాటం | 2025 మార్చి 9, రాత్రి 9:40

సంక్రాంతి భోజనాల దగ్గర ఎవరికో ఫోన్లో ఫోటో చూపించాను, అంతే. అప్పట్నుంచీ వాట్సాప్‌లో అవే ప్రశ్నలు. ఎంత పెట్టారు, ఎందుకు కొన్నారు, మునిగిపోతేనో? ఒక్కొక్కరికీ రాయడం నా వల్ల కాక ఇక్కడ పెడుతున్నా.

మేం ఇద్దరమే, నలభై దాటాం. పదకొండేళ్ళు వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో ఉన్నాం. కిందటేడు మార్చిలో 1987 నాటి కాటలీనా 30 పడవ కొన్నాం, 14,500 డాలర్లకి. జూన్‌లో మా టౌన్‌హౌస్ అద్దెకిచ్చేసి మేరీలాండ్‌లో, అనాపొలిస్‌కి దక్షిణాన, వెస్ట్ రివర్ ఒడ్డున రెండు గదుల ఇంట్లోకి వచ్చేశాం. పడవ దగ్గరికి నడిచి ఆరు నిమిషాలు. నేను వారానికోసారి డీసీ ఆఫీసుకి వెళ్ళాలి, ఆ రోజు దారి పొడుగునా తిట్టుకుంటా. మా ఆవిడకి మొత్తం ఇంటినుంచే.

పడవ పొడుగు 30 అడుగులు. లోపల ఇద్దరికి హాయిగా, నలుగురికి సర్దుకుంటే పడక. చిన్న వంటగట్టు, అంతకంటే చిన్న టాయిలెట్. అడుగున రెండు టన్నులకి కాస్త తక్కువ సీసం ఉంటుంది. గాలికి పడవ ఎంత ఒరిగినా మళ్ళీ లేపి నిలబెట్టేది ఆ బరువే. కాబట్టి గాలికే బోర్లా పడిపోతుందేమో అన్న భయం పెద్దగా అక్కర్లేదు. లోపలికి నీళ్ళు రావడం వేరే సంగతి.

కాజా_కాకినాడ | మార్చి 9, రాత్రి 10:05

అన్నా కేక. ఒక డౌటు. మాది హెచ్‌1బీ. మనలాంటోళ్ళం పడవ కొనొచ్చా? కోస్ట్‌గార్డ్ వాళ్ళు ఒప్పుకుంటారా?

గాలివాటం | మార్చి 9, రాత్రి 10:30

కొనొచ్చు తమ్ముడూ. కోస్ట్‌గార్డ్ దగ్గర చేయించుకునే ఫెడరల్ డాక్యుమెంటేషన్ మాత్రం సిటిజన్లకే, గ్రీన్‌కార్డున్నా కుదరదు. మన విహారాలకి అది అక్కర్లేదు, రాష్ట్ర రిజిస్ట్రేషన్ చాలు. మమ్మల్ని వీసా సంగతి ఎవరూ అడగలేదు. పడవ ముక్కు దగ్గర రెండు పక్కలా నంబరు అంటించుకోవాలి. 1972 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు మేరీలాండ్ నీళ్ళలో మోటారున్న పడవ నడపాలంటే బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఒక ఆదివారం దానికి పోయింది.

సందేహాలరావు | మార్చి 10, ఉదయం 7:12

14,500 అని ఊరిస్తున్నారు. ఏనుగు ధర చెప్పి అంకుశం సంగతి దాస్తే ఎలా? మీద ఖర్చెంతో చెప్పండి. ఇంకోటి. వేగం ఐదారు నాట్లు అని చదివాను, అంటే గంటకి పది పదకొండు కిలోమీటర్లు. మా నాన్నగారు సైకిలు మీద ఇంతకంటే జోరుగా వెళ్ళేవారు.

గాలివాటం | మార్చి 10, మధ్యాహ్నం 12:50

రావుగారూ, మొదటి ఏడాది పడవ ఖరీదు ఎంతో మీద ఖర్చూ దాదాపు అంతే అయింది. దాయడానికేం లేదు. రాష్ట్రానికి 5 శాతం పన్ను. కొనేముందు పడవని పరీక్షించే సర్వేయరుకీ, పడవని నీళ్ళలోంచి పైకెత్తించడానికీ వెయ్యి పైన. పడవ కట్టుకునే చోటుకి ఏడాదికి 3,600. అన్నిటికంటే దెబ్బ కొట్టింది మాస్టుని, అంటే చాప కట్టే స్తంభాన్ని, నాలుగు వైపులా పట్టి ఉంచే స్టీలు తీగలు. పాతవి ఎన్నాళ్ళవో అమ్మినాయనకే తెలీదు, మార్చకపోతే ఇన్సూరెన్సు ఇవ్వబోమన్నారు. 5,200. డబ్బు కట్టిన రోజు మేమిద్దరం కారులో మాట్లాడుకోలేదు.

సైకిలు విషయం మీరు చెప్పింది నిజమే. నీటి గీత దగ్గర పడవ పొడుగుని బట్టి దాని పరుగుకి హద్దుంటుంది, మా దానికి ఆరున్నర నాట్లు దాటితే గొప్ప. అయితే మీ నాన్నగారి సైకిలు మీద పడుకుని కాఫీ తాగగలరా?

ఇంజన్‌రూమ్ | మార్చి 10, మధ్యాహ్నం 2:20

నేను 32 ఏళ్ళు మర్చంట్ నేవీలో చేసి ఇప్పుడు విశాఖలో రిటైరై కూర్చున్నాను. బాబూ, తీగలు మార్చి మంచి పని చేశావు. స్టెయిన్‌లెస్ స్టీలు పైకి మెరుస్తూనే లోపల తుప్పు పడుతుంది. ఇంజనేది? సముద్రపు నీటి పంపులో ఇంపెల్లరు ఎప్పుడు మార్చావు?

గాలివాటం | మార్చి 10, సాయంత్రం 6:15

సర్, మీరు ఆ ప్రశ్న ఏడాది ముందు అడగాల్సింది.

ఇంజను యూనివర్సల్ ఎం25ఎక్స్‌పీ. మూడు సిలిండర్ల డీజిలు, 23 గుర్రాలు. పేరు ఏదైనా లోపల ఉన్నది కుబోటా ట్రాక్టరు ఇంజనే, పడవకి తగ్గట్టు మార్చారు. ఇంపెల్లరంటే ఇంజను చల్లబడటానికి బయటి నీళ్ళు తోడిచ్చే చిన్న రబ్బరు చక్రం. అమ్మినాయన "మొన్ననే మార్చా" అన్నాడు. ఆయన మొన్న మన మొన్న కాదు. జులైలో నది ముఖద్వారం దగ్గర అలారం మోగింది. పంపు తెరిచి చూస్తే రెక్కలు మూడు లేవు. ఆ ముక్కలు హీట్ ఎక్స్‌చేంజర్లో దొరికేదాకా వెతికాను, ఒకటి ఇంకా దొరకలేదు. ఆ రోజు చాప ఎత్తి, గాలి మీదే వచ్చి, మా పడవ కట్టుకునే కొయ్య గట్టు దాకా ఎలాగో చేరాం. చివరి ఇరవై అడుగులూ పక్క పడవ ముసలాయన తాడు విసిరి లాగాడు.

నిజాంపేట్‌పోరడు | మార్చి 10, రాత్రి 8:02

మా ఊర్ల నాటేసే మిషన్ గూడ కుబోటానే అన్నా. పార్టులు గావాల్నంటే చెప్పు, కరీంనగర్ కెళ్ళి పంపుత.

మోడరేటర్ | మార్చి 10, రాత్రి 9:00

వీసా ప్రశ్నలు మరో ఆరు వచ్చాయి, వాటిని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ పడవ కబుర్లే.

గాలివాటం | మార్చి 11, రాత్రి 9:25

ఇది ఆయన కాదు, నేను. ఒకే అకౌంటు, ఒకే పడవ. ఆయన చెప్పకుండా వదిలేసినవి చెప్తా.

ఈ పిచ్చి మొదలుపెట్టింది నేనే. 2022లో అనాపొలిస్‌లో తెరచాప పడవ క్లాసు, రెండు వారాంతాలు. ఆయన్ని బలవంతాన లాక్కెళ్ళాను. అక్కడి టీచరమ్మ మొదటి రోజే ఇద్దర్నీ వేర్వేరు పడవల్లో ఎక్కించింది. ఎందుకంటే, "ఒకరికి ఒకరు నేర్పుకోవడం ఇంట్లో చేసుకోండి, నా పడవలో వద్దు" అంది. ఆ మాటకి అప్పుడు నవ్వాం.

పడవ వెతకడానికి ఏణ్ణర్ధం పట్టింది. మొదటి రెండూ సర్వేలో పోయాయి. సర్వేయరు చిన్న ప్లాస్టిక్ సుత్తితో పైకప్పంతా తడుతూ వెళ్తాడు. బాగున్నచోట టక్కు టక్కుమంటుంది, లోపలి చెక్క నాని కుళ్ళినచోట దబ్బు దబ్బుమంటుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు మనం చేసే పనే, కాకపోతే ఈయన గంటన్నర తట్టి 700 తీసుకున్నాడు. మొదటి పడవ మాస్టు చుట్టూ అంతా దబ్బు దబ్బే. రెండోదానికి కీలు, అంటే అడుగున ఉన్న సీసం, పడవని కలిసే చోట ముందువైపు చీలిక. ఈ పడవల్లో అది ఎంత మామూలంటే దానికో ముద్దుపేరు కూడా ఉంది, కాటలీనా చిరునవ్వు. బోల్టులు బిగిస్తే పోయే నవ్వులుంటాయి, లోపలి చెక్క కుళ్ళిపోయి వచ్చే నవ్వులుంటాయి. దానిది రెండో రకం. మా దానికీ నవ్వుంది, వెంట్రుకంత. ఏటా పైకెత్తినప్పుడు ఫోటో తీసి పాతదానితో పోలుస్తాం.

ఇక కెప్టెన్ ఎవరు అన్న ప్రశ్న. పోయినేడు మేలో ఒక వాగులో లంగరు వెయ్యబోయాం. నేను ముందు, ఆయన వెనక చుక్కాని దగ్గర. మధ్యలో ముప్పై అడుగులు, ఇంజను చప్పుడు, ఎదురుగాలి. ఆయన "వెయ్యకు" అన్నాడట. నాకు "వెయ్" దాకానే వినపడింది, "కు" గాలికి పోయింది. వేశాను. లంగరు సరాసరి పక్క పడవవాళ్ళ గొలుసు మీద పడింది. వాళ్ళు భోజనం మధ్యలో లేచి వచ్చి విడదీశారు. నాలుగు రోజులు ఇంట్లో "కు" గురించే గొడవ. ఇప్పుడు మాటల్లేవు, చేతి సైగలే. పిడికిలి అంటే ఆగు, అరచెయ్యి కిందికి అంటే వెయ్. లంగరు దగ్గర నేను, చుక్కాని దగ్గర ఆయన, బయల్దేరాలా వద్దా అన్నది మాత్రం ఇద్దర్లో ఎవరు "వద్దు" అంటే వాళ్ళదే పైమాట. ఆ ఒక్క నియమం వల్ల ఉరుముల గాలివాన ఒకటి తప్పించుకున్నాం. ఇక్కడ వేసవి సాయంత్రాలు అవి చెప్పకుండా దిగిపోతాయి.

కాజా_కాకినాడ | మార్చి 11, రాత్రి 9:50

అక్కా, "కు" కోసం అకౌంటు పేరు మార్చేయండి.

బాల్టిమోర్_బావ | మార్చి 12, ఉదయం 8:30

నేను పద్నాలుగేళ్ళుగా ఇదే బేలో, అంటే వీళ్ళ నది కలిసే అఖాతంలో, మోటారు పడవ తిప్పుతున్నా. చిన్న దిద్దుబాటు. ఇంజన్‌రూమ్ గారు సముద్రపు నీటి పంపు అన్నారు గానీ చీసపీక్ బే సముద్రం కాదండీ. రెండొందల మైళ్ళ పొడుగు, సగటు లోతు 21 అడుగులు. ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళు. ఎండాకాలం జెల్లీ చేపలు, ఈతకి దిగితే ఒళ్ళంతా దద్దుర్లు. కొత్తగా కొనేవాళ్ళు లోతు చూసుకోండి. వీళ్ళ పడవకి ఐదడుగుల పైన నీళ్ళు కావాలి, ఇక్కడ చాలా వాగుల్లో అంత ఉండదు. ఎన్నిసార్లు బురదలో కూర్చున్నారో అడగండి.

గాలివాటం | మార్చి 12, మధ్యాహ్నం 1:10

మళ్ళీ నేనే, ఆయన. నాలుగుసార్లు. మూడు సార్లు మెత్తటి బురద, వెనక్కి తిప్పుకుని బయటపడ్డాం. నాలుగోది నవంబరులో. "పోటు వస్తే నీళ్ళు పెరుగుతాయి, తేలుతాం" అని టీ పెట్టుకు కూర్చున్నాం. ఇక్కడ ఆటుపోట్ల తేడా అడుగు దరిదాపు, అంతకంటే గాలి మాటే ఎక్కువ చెల్లుతుంది. రెండు రోజులు వాయవ్యం గాలి గట్టిగా వీచిందంటే బేలో నీళ్ళని దక్షిణానికి తోసేస్తుంది. పోటు వేళకి నీళ్ళు పెరగాల్సింది పోయి ఇంకో అరడుగు తగ్గాయి. సాయంత్రానికి పడవ ఒక పక్కకి ఒరిగింది, లోపల సామాన్లన్నీ ఆవకాయ సీసాతో సహా ఎడం పక్కకి చేరాయి. చివరికి లాగుడు పడవ వచ్చింది. ఏడాదికోసారి డబ్బు కట్టే ఆ లాగుడు పడవల సభ్యత్వం పడవ కొనే రోజే తీసుకోండి.

బే సముద్రం కాదన్నది ఒప్పుకుంటున్నా. అందుకే సెప్టెంబరులో సముద్రం చూడ్డానికే వెళ్ళాం. అది కాస్త పెద్ద కథ, రాత్రికి రాస్తా.

సందేహాలరావు | మార్చి 12, మధ్యాహ్నం 1:45

ఆవకాయ సీసా పగిలిందా లేదా, అది చెప్పండి ముందు.

గాలివాటం | మార్చి 12, మధ్యాహ్నం 1:48

లేదు. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం ఆ మర్నాడే.

గాలివాటం | మార్చి 12, రాత్రి 10:40

సెప్టెంబరులో తొమ్మిది రోజులు సెలవు పెట్టి కేప్ మే వెళ్ళాం, న్యూజెర్సీ కొస. అట్లాంటిక్ అక్కడ మొదలు. మొదటి రాత్రి స్టిల్ పాండ్ అనే చోట లంగరు. రెండో రోజు సీ అండ్ డీ కాలువ. చీసపీక్‌నీ డెలావేర్‌నీ కలిపే 14 మైళ్ళ కాలువ. అందులో చాపతో వెళ్ళనివ్వరు, ఇంజను మీదే వెళ్ళాలి. ఎదురుగా కార్లు మోసుకొచ్చే ఓడ వచ్చింది, ఆరంతస్తుల గోడౌను నడిచొస్తున్నట్టు. మేం గట్టుని అంటిపెట్టుకుని ఊపిరి బిగపట్టాం. అంత ఓడా అలని పెద్దగా లేపకుండా మెల్లగా వెళ్ళిపోయింది.

మూడో రోజు డెలావేర్ బే. ఇక్కడే మా లెక్క తప్పింది. యాభై మైళ్ళ దాకా దిగాలి, మధ్యలో ఆగడానికి మంచి చోట్లు లేవు. ఆటు మొదలయ్యే వేళకి బయల్దేరితే సముద్రంలోకి పోయే ప్రవాహం మనల్నీ మోసుకుపోతుంది. మేమూ పుస్తకంలో చూసి అలాగే తెల్లారకముందే బయల్దేరాం. పది గంటలకల్లా దక్షిణం గాలి లేచింది. పోయే నీళ్ళూ ఎదురొచ్చే గాలీ కుమ్ముకుంటే అల పొట్టిగా నిటారుగా లేస్తుంది. ఎక్కేలోపే ముక్కు ధన్‌మని కింద కొట్టుకుంటుంది. ఐదు గంటలు అదే. మా ఆవిడ అల్లం ముక్క నములుతూ చుక్కాని పట్టుకుంది, నేను లోపల బకెట్ పట్టుకున్నాను, ఎందుకో చెప్పను. దీనికి తోడు ఈగలు. ఇంటి ఈగలు కావు, కరిచే ఈగలు. సాక్సుల మీంచి కరుస్తాయి. అంత గాలిలో అవి ఎలా నిలబడతాయో నాకిప్పటికీ అంతుపట్టదు.

కేప్ మేలో ఒక రోజు పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే గాలి లేదనిపించేంత తక్కువ ఉంటే రాళ్ళ గట్ల మధ్యనుంచి బయటికెళ్ళాం. బేలో అల చెంపమీద కొట్టినట్టుంటుంది. ఇక్కడది ఉయ్యాల. పైన నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి, పడవ మాత్రం అంతెత్తు లేస్తోంది, దిగుతోంది. ఎప్పుడో ఎక్కడో వీచిన గాలి పంపిన అల, మా దాకా వచ్చేసరికి దానికి తొందర లేదు. లోతు చూపించే మిషను అంకె పెరుగుతూ పోయింది. నాలుగు మైళ్ళు వెళ్ళాం. తీరం గీతలా అయ్యాక ఇద్దరం ఒకేసారి "చాలు" అన్నాం. ఎవరి మాట పైమాటో తేల్చే పని పడలేదు. తిరిగొచ్చేశాం.

అంతే బాబూ మా మహాసముద్ర యాత్ర. నాలుగు మైళ్ళు.

ఇంజన్‌రూమ్ | మార్చి 13, ఉదయం 11:05

నాలుగు మైళ్ళకే తిరిగొచ్చారు చూడు, అది నాకు నచ్చింది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. పెద్ద ఓడకి దారి హక్కు ఎవరిదన్న వాదన పెట్టుకోకండి. ఓడ బ్రిడ్జి మీంచి, అంటే ఓడ నడిపే గదిలోంచి, చూస్తే మీ పడవ అల మీద తెల్ల నురగలాగే కనిపిస్తుంది. ఇంజను వెనక్కి తిప్పినా ఓడ ఆగడానికి మైలు పైనే పడుతుంది. రేడియోలో ఆపద పిలుపులు వచ్చే ఛానల్ 16 ఎప్పుడూ వింటూ ఉండండి. ఓడల దారి అడ్డంగా దాటాల్సి వస్తే తొంభై డిగ్రీల కోణంలో, త్వరగా దాటెయ్యండి.

తాళ్ళరేవు | మార్చి 13, మధ్యాహ్నం 3:30

పేరు చూసి అర్థమై ఉంటుంది, మాది తాళ్ళరేవు. పక్కనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన వచ్చి ఊడ్చేసింది. పనితనం మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో బతికింది, కొయ్య ఓడలు తర్వాత కూడా కట్టారు. మా తాత గోదావరి కాలవల మీద ధాన్యం పడవ నడిపేవాడు. గాలి ఉంటే తెరచాప, పడిపోతే మనుషులు గట్టు మీదికి దిగి తాడేసి లాగడం. మీ పక్క పడవాయన ఇరవై అడుగులు లాగాడంటే నాకదే గుర్తొచ్చింది. ఆయన ఊరికి వెళ్ళేవాళ్ళని కూడా "బయల్దేరారా" అనేవాడు కాదు, "చాప ఎత్తారా" అనేవాడు. బస్సెక్కుతున్నా సరే.

నిజాంపేట్‌పోరడు | మార్చి 13, రాత్రి 7:45

సముద్రం లేదని మేం గమ్మున కూసోలే. హుస్సేన్ సాగర్ల సెయిలింగ్ నేర్పుతరు, మా అక్క బిడ్డ పోయిన వానకాలం నేర్సుకుంది. పోటీలు గూడ వానకాలమే పెడ్తరు, అప్పుడే గాలి గట్టిగ ఉంటది. వాసన గురించి నన్ను అడగకుర్రి. ఇంకో ముచ్చట. నేవీ తారిణి పడవ మీద ఆరుగురు ఆడోళ్ళు 2017 సెప్టెంబర్ల గోవా నుంచి పోయి భూమి చుట్టు తిరిగి 2018 మేల వాపస్ వచ్చిన్రు గద. అండ్ల ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదే. స్వాతిది వైజాగు.

సందేహాలరావు | మార్చి 13, రాత్రి 8:20

ఆరుగురు ఆడపిల్లలు 254 రోజులు వెళ్ళొచ్చారని నేనూ చదివాను. వీరిద్దరూ నాలుగు మైళ్ళు. సరే, వంట సంగతి? పడవలో పోపు పెడితే ఆ వాసన ఎప్పటికి పోను? పెద్దవాళ్ళు ఎక్కగలరా? మా ఆవిడ అడగమంది. (నాకోసం కాదు.)

గాలివాటం | మార్చి 13, రాత్రి 9:55

నేను, ఆవిడ. పోపు రేవులో ఉన్నప్పుడే, అన్ని కిటికీలూ తెరిచి. ఒకసారి మూసి పెడితే పొగ అలారం మోగి పక్కవాళ్ళు మంటలార్పే సిలిండరుతో వచ్చారు. వాళ్ళకే ఆ పప్పు పెట్టి పంపాం. కదిలే పడవలో ప్రెషర్ కుక్కరుని మించింది లేదు. మూత బిగిసి ఉంటుంది, జారిపడ్డా ఒలకదు. కిచిడీ, పప్పన్నం, ఉప్మా. ఆగస్టులో పీతలు కొని తెచ్చి పులుసు పెట్టాను, పెంకులు పగలగొట్టుకోవడానికి చెక్క సుత్తులు ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి. పీతల బోనులకి కట్టిన తేలుగుండ్ల తాళ్ళు మాత్రం బేలో పడవని నెట్టే పంఖాకి చుట్టుకుంటాయి, ఒకసారి ఆయన కత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. జెల్లీ చేపలు వదలలేదు.

మా అత్తయ్యకి 71. మోకాళ్ళ నొప్పి. ఎక్కడానికి ప్లాస్టిక్ స్టూలు వేశాం. లోపలికి దిగే నిచ్చెన ఆవిడ వల్ల కాలేదు, నాలుగు గంటలూ బయటే దిండు వేసుకుని కూర్చుంది. దిగేటప్పుడు "ఇంజను ఆపేశాక బాగుంది" అంది. మళ్ళీ వస్తానని అనలేదు. అబద్ధం చెప్పను.

బాల్టిమోర్_బావ | మార్చి 14, ఉదయం 8:10

పడవ పేరేంటి? ఇంతసేపూ ఎవరూ అడగలేదు. పాత పేరు మారిస్తే అరిష్టం అంటారు ఇక్కడివాళ్ళు.

గాలివాటం | మార్చి 14, మధ్యాహ్నం 12:35

పాత పేరు "సెకండ్ విండ్". ఈ రేవులోనే మరో రెండు సెకండ్ విండ్‌లున్నాయి, రేడియోలో పిలిస్తే ముగ్గురం పలుకుతాం. అందుకని మార్చాలనుకున్నాం. ఆవిడ "కోరంగి" అంది, నేను "చిత్రాంగి" అన్నాను, పది నెలలు తేలలేదు. ఈలోగా కిందటి నవంబరులో పాత అక్షరాలు గీకడం మొదలుపెట్టాను. వేడి గాలి మిషనుతో కాల్చి గోకాలి, ఒక్కో అక్షరానికి అరగంట. "సెకండ్" పోయేసరికి చీకటి పడింది, మర్నాటినుంచి చలి. అలా ఆపేశాను.

అప్పట్నుంచి వెనక "విండ్" అని మాత్రమే ఉంది, అదీ కాస్త కుడికి జరిగి. పోయిన శనివారం అనాపొలిస్‌లో స్పా క్రీక్ వంతెన తెరవమని రేడియోలో అడిగితే అవతలాయన పేరు చెప్పమన్నాడు. "విండ్" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇంకా ఏమన్నా ఉందా, అంతేనా?" అన్నాడు. మా ఆవిడ మైకు లాక్కుని "అంతే" అంది. వంతెన లేచింది.